మా వదిన చేతి మజ్జిగ

పోయిన నెల ఈ పేజీలో నాటుసారా కేసులో రిమాండుకి వెళ్ళొచ్చిన ఒకావిడ ఉత్తరం వేశాం. నలభై రోజులు లోపలుండి వస్తే, ఊళ్ళో కుళాయి దగ్గర తన బిందె పక్కన ఎవరూ బిందె పెట్టడం లేదని రాసిందామె. ఆ ఒక్క మాటకి వచ్చిన ఉత్తరాలన్నీ చదవడానికి నాకు వారం పట్టింది. కొన్ని పోస్టులో వచ్చాయి, ఎక్కువ వాట్సాప్‌లో వచ్చాయి, రాయడం రాని అవ్వలు మనవరాళ్ళ చేత రాయించినవీ ఉన్నాయి. చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చిన వాటిలో అయిదింటికి ఈసారి జవాబు ఇస్తున్నాను. పేర్లు, ఊళ్ళ పేర్లు తీసేశాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

అక్కా, మాది పలమనేరు పక్క పల్లె. పక్క చేని వాళ్ళతో గట్టు తగాదా పెద్దదై, కొట్లాటలో అవతలి పెద్దాయన తలకి దెబ్బ తగిలి మూడోరోజు చనిపోయినాడు. కేసులో మా నాయన, మా అన్నతో పాటు మా వదిన పేరు కూడా రాయించినారు. ఆ పొద్దు వదిన కొట్టంలో పేడ ఎత్తుతా ఉండింది, అరుపులు విని పరిగెత్తింది, అంతే. ఏడు నెలలు కడప ఆడోళ్ళ జైల్లో ఉండి బెయిలు మీద వచ్చి మూడు నెలలైంది. ముందంతా పొద్దున్నే ఆరేడు ఇండ్ల పిల్లోళ్ళు చెంబులు తీసుకుని మజ్జిగకి మా ఇంటికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఒక్కరూ రారు. వదిన చిలికిన మజ్జిగ మధ్యాహ్నానికి పులిసిపోయి గొడ్లకి పోస్తా ఉండాం. డ్వాక్రా గ్రూపులో పేరు కొట్టేసినామని చెప్పినారు. వాళ్ళ పాప తొమ్మిదో తరగతి, బడికి పోనంటుంది. వచ్చే నెల ఊళ్ళో గంగమ్మ జాతర, వదిన పొంగలి పెట్టకూడదని పెద్దోళ్ళు అన్నారంట. వదిన మాత్రం దేనికీ నోరు తెరవదు. సాయంత్రం అయిదుకే అన్నం తింటుంది. వాకిలి దాకా వచ్చి నిలబడిపోతుంది, ఎవరైనా తలుపు తీస్తేనే బయటికి పోతుంది. నేను పెళ్ళి కావలసిన దాన్ని, నాకేం చేయాలో తెలీడం లేదు. – ఆడబిడ్డ

చెల్లీ, నీ ఉత్తరంలో ఆఖరున రాసిన రెండు మాటల దగ్గర నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే వాటిని నీ ఇంట్లోనే, ఈ రోజే సరిచేసుకోవచ్చు.

జైల్లో రాత్రి భోజనం సాయంత్రం అయిదు, అయిదున్నరకే పెట్టేస్తారు. తర్వాత మనుషుల్ని లెక్కపెట్టి తాళం వేస్తారు, తెల్లారి తాళం తీసి మళ్ళీ లెక్కపెడతారు. ఏడు నెలల పాటు మీ వదిన ఒక్క తలుపు కూడా తన చేత్తో తెరిచి ఉండదు, మూసి ఉండదు. అయిదింటికి ఆకలి వేయడం, తలుపు ముందు నిలబడిపోవడం పిచ్చి కాదు, పొగరు కాదు, ఒంటికి పట్టిన అలవాటు. ఆమెని "ఇంత తొందరగా అన్నమేంది" అని ఎవరూ అనొద్దు. కొన్నాళ్ళు నువ్వు కూడా అయిదింటికే కంచం పెట్టుకుని పక్కన కూర్చో, తర్వాత పది నిమిషాలు, పావుగంట జరుపుకుంటూ పో. తలుపు మాత్రం ప్రతిసారీ నువ్వు తీయొద్దు. ఇంటి తాళంచెవి ఆమె కొంగుకి కట్టు. మీరంతా చేనికి పోయేటప్పుడు తాళం వేసేది, వచ్చాక తీసేది ఆమె కావాలి. చిన్న పనే కానీ నేను చూసిన ఇద్దరు ముగ్గురిలో దీనికున్న ఫలితం మందులకి కూడా లేదు. అయితే రాత్రుళ్ళు నిద్ర లేకపోవడం, ఉలిక్కిపడి లేవడం, చచ్చిపోతాననడం లాంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికి తీసుకుపో.

ఇక ఊరి సంగతి. మొదట మీ ఇంట్లోవాళ్ళకి అందరికీ ఒక మాట గట్టిగా తెలియాలి: మీ వదిన ముద్దాయి, దోషి కాదు. బెయిలంటే నేరం రుజువైందనీ కాదు, పోయిందనీ కాదు, విచారణ ఇంకా ఉందని మాత్రమే. మన దేశంలో జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు ఇలాంటి విచారణ ఖైదీలే, అంటే ఏ కోర్టూ ఇంకా తప్పు చేశావని చెప్పని వాళ్ళు. ఎవరైనా "జైలుకి పోయొచ్చినోళ్ళు" అంటే మీరు తల దించుకుంటున్నారు చూడు, అక్కడ ఊరికి మీరే సంతకం పెట్టిచ్చినట్టు అవుతోంది. "కేసు కోర్టులో ఉంది, తేలనీ" అని ఒక్క మాట చాలు, దానికి మించి వాదన కూడా వద్దు.

మజ్జిగ గురించి రాసింది చదివి నేను చాలాసేపు కాగితం పక్కన పెట్టేశాను. చంద్రగిరి దగ్గర మా ఊళ్ళో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, మా వీధి చివరింటి అత్త ఒకామె మూడేళ్ళకి జైలు నుంచి వచ్చింది. ఉగాది నాడు మా ఇంటికి స్టీలు గిన్నెలో ఓళిగలు పెట్టి, పైన నెయ్యి వేసి పంపింది. మా అమ్మ నవ్వుతూ తీసుకుంది. తీసుకుని వెనక దొడ్లోకి పోయి గొడ్ల కుడితి తొట్టిలో వేసేసింది. నేను చూశాను, ఏమీ అనలేదు. గిన్నె కడిగి తిరిగిచ్చి రమ్మని నన్నే పంపింది. అత్త ఆ గిన్నె తీసుకుని "బాగుండినాయా పాపా?" అని అడిగింది. బాగున్నాయత్తా అన్నాను. ఆమె నా ముఖం కేసి ఒక క్షణం చూసి, ఇంకేమీ అడగకుండా లోపలికి పోయింది. ఆమెకి తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. ఆమె మళ్ళీ ఎప్పుడూ మా ఇంటికి ఏమీ పంపలేదు. ఈ ఉత్తరాలకి జవాబులు రాసే పని మొదలుపెట్టి ఇన్నేళ్ళైనా నాకు ఆ గిన్నె గుర్తుకు రాని ఉగాది లేదు.

అందుకే చెప్తున్నాను, ఊరు మొత్తాన్నీ ఒప్పించాలని చూడొద్దు, అయ్యే పని కాదు. ఒక్క ఇల్లు చూసుకో. మీ వదిన ఎవరి కాన్పుకి తోడు పోయింది, ఎవరి ఇంట్లో చావుకి వంట చేసి పెట్టింది, ఎవరి పిల్లోడికి జ్వరమొస్తే ఆటో మాట్లాడింది అని మీ అమ్మని అడుగు, ఒక పేరు తప్పకుండా వస్తుంది. ఆ ఇంటికి నువ్వు, వదిన కలిసి పోండి. మజ్జిగ చెంబుతో పోండి. చిలకడం మాత్రం మానొద్దు. గొడ్లకి పోసినా సరే రోజూ చిలకనివ్వు, ఆ పని ఆమెది.

ఇక్కడ ఇంకో మాట, నీకు నచ్చకపోయినా వినాలి. ఆ చనిపోయిన పెద్దాయన ఇల్లూ అదే ఊళ్ళో ఉంది. వాళ్ళ ఇంట్లోనూ ఒక మనిషి లేడు. వాళ్ళ వాకిట్లో నుంచి మేళతాళాలతో పోయినట్టు పోవద్దు. అలాగని పెద్దమనుషుల్ని పెట్టి వాళ్ళతో రాజీ మాటలు మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, సాక్షుల్ని బెదిరించారనో ప్రలోభపెట్టారనో అంటే ఉన్న బెయిలు రద్దవుతుంది. ఏదైనా మీ వకీలుకి చెప్పే చేయండి. స్టేషన్లో సంతకం పెట్టాలనే కండిషన్ ఉంటే ఒక్క వారం కూడా తప్పొద్దు, వాయిదా అసలు తప్పొద్దు. రానప్పుడు కోర్టు వారంటు ఇస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. వాయిదా తేదీలు వంటింట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టు.

డ్వాక్రా సంగతి. జైలుకి పోయినంత మాత్రాన పేరు కొట్టేయడానికి కుదరదు. ఎవరినైనా తీసేయాలంటే గ్రూపు సమావేశం జరగాలి, తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయాలి, సభ్యుల సంతకాలుండాలి, ఆమె పొదుపు లెక్క తేల్చి ఇవ్వాలి. ఆ పుస్తకం చూపించమని అడగండి. గొడవగా కాదు, "అక్కా, ఆ పేజీ ఒకసారి చూపిస్తావా" అని అడగండి. నాకు తెలిసి చాలా చోట్ల అలాంటి పేజీయే ఉండదు, ఏడు నెలలు కంతులు కట్టలేదు కాబట్టి వాళ్ళలో వాళ్ళే అనేసుకుని ఉంటారు. బాకీ కంతులు ఎంతో కనుక్కుని, నెలనెలా కొంచెం కొంచెంగా కడతామని చెప్పండి. గ్రూపుల లెక్కలు చూసే యానిమేటర్ వినకపోతే గ్రామ సంఘానికి, అక్కడా కాకపోతే మండల సమాఖ్యలో ఏపీఎంకి, అంటే అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్‌కి, కాగితం రాసివ్వండి. ఇచ్చిన కాగితం మీద తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. దీని మీద నేను ఇంత రాయడానికి కారణముంది. పల్లెలో ఆడమనిషికి బ్యాంకు అప్పు అందేది ఆ గ్రూపులోనే, నెలకోసారి పదిమందితో చాప మీద కూర్చునేది కూడా ఆ గ్రూపులోనే. ఆ చాప మీద ఆమె చోటు ఆమెకి రావాలి.

పాప బడి విషయంలో నువ్వు హెడ్మాస్టర్‌ని, క్లాస్ టీచర్‌ని కలువు. పిల్లలు ఏమని ఏడిపిస్తున్నారో ఉన్నదున్నట్టు చెప్పు. ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెడుతున్నారు కదా, ఈసారి దానికి అమ్మమ్మో మేనత్తో కాదు, మీ వదినే పోవాలి, మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చోవాలి. పాప మొదట సిగ్గుపడుతుంది, పడనీ. తొమ్మిదిలో మానేసిన ఆడపిల్లకి మన పల్లెల్లో తర్వాత జరిగేది పెళ్ళే, అది నీకూ తెలుసు.

జాతర గురించి నాకు కోపమే వచ్చింది. మన గంగమ్మ ఎవరు? తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ కథ మనందరికీ అవ్వలు చెప్పిందే. ఆడవాళ్ళని చెరిచే పాలెగాడు దాక్కుంటే, రోజుకో వేషం వేసుకుని ఊరంతా వెతికి, దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి తల నరికిన తల్లి. ఆ వారం రోజులూ బైరాగి, బండ, తోటి, దొర అని జనం వేసే వేషాలన్నీ ఆ కథలోవే. మగవాళ్ళు చీర కట్టుకుని వచ్చినా, నోటికొచ్చిన బూతులు తిట్టినా దగ్గరికి తీసుకునే అమ్మవారామె. ఆ తల్లి ముందు ఒక ఆడమనిషి పొంగలి పెట్టడానికి పోలీసు కాగితాలు చూడాలని ఎవరు చెప్పారు? ఇది మీ ఊరి పెద్దలకి మీ అమ్మ చెప్పాలి, నువ్వు చెప్తే చిన్నపిల్లవంటారు. ఒకవేళ అవతలి ఇంటివాళ్ళు కూడా ఆ వేళకే వచ్చి రచ్చయ్యేటట్టుంటే, మీ వదిన వేరే పూట పోయి పొంగలి పెట్టుకోవచ్చు. అది భయపడి తప్పుకోవడం కాదు, బెయిలు కాపాడుకోవడం.

ఆమె నోరు తెరవట్లేదన్నావు. అడగొద్దు. జైలు గురించి అసలు అడగొద్దు. పక్కన కూర్చుని చింతపండు గింజలు తీయండి, చెనిక్కాయలు వలవండి, చేతులు పనిలో ఉన్నప్పుడు మాట అదే వస్తుంది. వచ్చిన రోజున మధ్యలో ఆపకుండా విను.

నమస్తే మేడం. మాది శ్రీకాళహస్తి వైపు. నా భార్య ఊళ్ళో చీటీలు నడిపేది, ఇద్దరు పాడుకుని ఎగ్గొట్టేసరికి మొత్తం మునిగిపోయింది. చీటింగ్ కేసు పెట్టినారు. బెయిలు వచ్చి 24 రోజులైంది కానీ ఇద్దరు జామీనుదారులు కావాలంటున్నారు. మా బంధువుల్లో పాసుపుస్తకం ఉన్నోళ్ళు ఎవరూ ముందుకు రావడం లేదు. నేను కూలి పని. నెలకోసారి కడపకి పోయి చూసొస్తున్నాను. ఇద్దరు పిల్లల్ని మా అమ్మ చూస్తోంది.

తమ్ముడూ, ముందు నువ్వు నెలనెలా పోయి చూసొస్తున్నందుకు నీకు దండం. మగవాళ్ళ జైలు ముందు ములాఖత్ రోజు చూడు, చంకన బిడ్డ, చేతిలో సంచి, భార్యలూ తల్లులే కనపడతారు. ఆడవాళ్ళ జైలుకి వచ్చే భర్తల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మొదటి నెల వస్తారు, తర్వాత పనులుంటాయి.

నీ సమస్యకి దారి ఉంది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి వాళ్ళ గురించే ఆదేశాలిచ్చింది. బెయిలు వచ్చాక 7 రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. వాళ్ళు ఒక వాలంటీరునో లాయరునో పంపి ఎందుకు ఆగిందో చూడాలి. నెలలోపు జామీను కట్టలేకపోతే, షరతులు తగ్గించవచ్చా అని కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. ఎక్కడి కోర్టులో కేసుందో అక్కడి ఊరివాళ్ళే జామీను ఉండాలని పట్టుబట్టడం కూడా సరికాదని అందులోనే చెప్పారు. నీకు 24 రోజులైంది, అంటే ఈ పని ఇప్పటికే మొదలై ఉండాలి. కాలేదంటే నువ్వు మొదలుపెట్టు. ఉచిత న్యాయసహాయం నంబరు 15100కి ఫోన్ చెయ్, లేదా చిత్తూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పోయి బెయిలు ఆర్డరు జిరాక్సు ఇచ్చి, జామీనుదారులు దొరకలేదు, సొంత పూచీకత్తు మీద వదలమని అడగడానికి లాయరు కావాలని చెప్పు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకీ, కస్టడీలో ఉన్నవాళ్ళకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరునివ్వాలి. తెల్ల కార్డు ఉందా, జీతమెంత అని అడగక్కర్లేదు. జామీను ఇప్పిస్తామని కోర్టు బయట డబ్బులడిగే వాళ్ళ జోలికి పోవద్దు, దొంగ పాసుపుస్తకాలు పెట్టి ఇంకో కేసు తెచ్చిపెడతారు.

పిల్లల్ని తల్లికి చూపించు. నువ్వు కూలి మానుకోలేని నెలలో మీ అమ్మతో పంపు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, ఆధార్ చూపిస్తే చాలు. తిరుపతి నుంచి కోడూరు, రాజంపేట మీదుగా కడప 140 కిలోమీటర్ల దాకా ఉంటుంది, పిల్లలతో పోయి రావడానికి రోజంతా పడుతుంది, అన్నం కట్టుకుని పోండి.

ఆమె వచ్చాక ఊళ్ళో ఎదురయ్యేది మాత్రం మొదటి ఉత్తరంలోలా ఊరికే మాటలు కాదు, నిజంగా డబ్బు పోగొట్టుకున్న వాళ్ళుంటారు. పూలమ్ముకునే ఆమె కూతురి పెళ్ళికని కట్టిన చీటీ కూడా అందులో ఉండి ఉంటుంది. వాళ్ళకి ముఖం చాటేయొద్దు. ఆమె రాకముందే నువ్వు ఒక నోటుపుస్తకంలో ఎవరికెంత, ఇంతవరకు ఎంత ఇచ్చారు అని రాసిపెట్టు. కేసు నడుస్తోంది కాబట్టి ఎవరికి ఏ రూపాయి తిరిగిచ్చినా లాయరుకి చెప్పి, రసీదు తీసుకుని ఇవ్వు.

మేడం, మా మనవడికి నాలుగేండ్లు. వాళ్ళమ్మ లోపలున్నప్పుడే పుట్టినాడు, ఇంతకాలం ఆమె దగ్గరే ఉండి ఇప్పుడు నా దగ్గరికి వచ్చినాడు. అంగన్‌వాడీలో చేర్చాల. బర్త్ సర్టిఫికెట్‌లో జైలని ఉంటుందా? – పుత్తూరు నుంచి ఒక అవ్వ, మనవరాలి చేత రాయించినది

అవ్వా, ఉండదు, ఉండకూడదు. 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో ఇచ్చిన తీర్పులో, పుట్టిన చోటు జైలని రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలని స్పష్టంగా చెప్పింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిందే. వీలైనంతవరకు కాన్పు బయట ఆసుపత్రిలోనే చేయించాలని, పిల్లల్ని ఆరేళ్ళ దాకా తల్లి దగ్గర ఉంచవచ్చని, వాళ్ళని ఖైదీలుగా చూడకూడదని కూడా అందులోనే ఉంది. ఒకవేళ నీ దగ్గరున్న కాగితంలో అలా రాసి ఉంటే దాన్ని మార్పించడానికి పైన చెప్పిన 15100కే ఫోన్ చేయించు.

బిడ్డ గురించి ఒక్క మాట. పుట్టినప్పటి నుంచి గోడల మధ్యే పెరిగాడు కాబట్టి కుక్కని చూసినా, బస్సు హారన్ విన్నా, చీకట్లో బయట నక్షత్రాలు చూసినా బెదురుతాడు. మగవాళ్ళని దగ్గరగా చూడని పిల్లలు తాతని చూసి కూడా ఏడుస్తారు. అంగన్‌వాడీలో వదిలేసి రాకుండా మొదటి పదిరోజులు నువ్వు కూడా గడప దగ్గర కూర్చో.

అమ్మా, మా పిన్ని భర్త హత్య కేసులో యావజ్జీవం పడి, 2020 చివర్లో ప్రభుత్వం ఆడ ఖైదీలని వదిలినప్పుడు బయటికి వచ్చింది. మా మామలు అంటే ఆమె తమ్ముళ్ళు, ఇంట్లో ఉండొద్దన్నారు. ఇన్నేళ్ళూ అక్కడా ఇక్కడా, మా ఇంట్లో కొన్నాళ్ళు ఉంటోంది. తాత భూమిలో ఆమెకి భాగం లేదంట, జైలుకి పోతే హక్కు పోతుందంట, నిజమా? ఓటు కూడా లేదంటున్నారు. – చిత్తూరు

నిజం కాదు, ఇది చాలామంది తమ్ముళ్ళు కావాలనే వ్యాపింపజేసే మాట. ఆ సంవత్సరం నవంబరులో అయిదేళ్ళు శిక్ష పూర్తిచేసిన 50 మందికి పైగా జీవిత ఖైదీ మహిళల్ని మన రాష్ట్ర ప్రభుత్వం వదిలింది. మంచి పనే. కానీ గేటు దాటాక ఎవరింటికి పోతారనేది గేటు దగ్గర అడిగే వాళ్ళు లేరు.

హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, ఎవరిని చంపినట్టు రుజువైందో వారి ఆస్తి మాత్రం వారసత్వంగా రాదు. అంటే మీ పిన్నికి భర్త ఆస్తిలో రాదు. తండ్రి భూమికీ ఈ కేసుకీ సంబంధమే లేదు. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుందని 2005 సవరణ చెప్తుంది, 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా స్పష్టం చేసింది. మన రాష్ట్రంలో అయితే 1985 నుంచే, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకి ఆ హక్కు ఉంది. మీ తాత వీలునామా రాశారా, భాగపంపకాలు రిజిస్టరై ఉన్నాయా అనేవి చూడాలి, భూమి రికార్డులైన 1బీ, అడంగల్ తీసుకుని న్యాయసేవా సంస్థ లాయరుకి చూపించండి. అంతవరకు తమ్ముళ్ళు తెచ్చే ఏ కాగితం మీదా ఆమెని వేలిముద్ర వేయనీయొద్దు.

ఓటు జైల్లో ఉన్నంతకాలమే ఉండదు. బయటికి వచ్చాక జాబితాలో పేరు లేకపోతే ఫారం 6 ఇచ్చి చేర్పించుకోండి. ఆధార్, రేషన్ కార్డులో పేరు, వయసు 60 దాటితే 4000 రూపాయల పింఛను, వీటన్నిటికీ గ్రామ సచివాలయంలో అడగండి. ఉండడానికి చోటే లేకపోతే, కుటుంబం ఆదరించని ఆడవాళ్ళకి కేంద్ర పథకం కింద నడిచే శక్తి సదన్లున్నాయి, పాత స్వధార్ హోములే ఇప్పుడు ఆ పేరుతో ఉన్నాయి. జైలు నుంచి విడుదలై ఎవరూ లేని వాళ్ళని తీసుకోవాలని స్వధార్ పథకంలోనే ఉంది. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఎక్కడుందో చెప్తారు. కానీ నువ్వు "మా ఇంట్లో కొన్నాళ్ళు" అని రాశావు చూడు, దాన్ని "మా ఇంట్లో" అని మార్చగలిగితే హోము అవసరమే లేదు. నీ ఇంటి పరిస్థితి నాకు తెలీదు కాబట్టి ఒత్తిడి చేయను.

మీరు ప్రతి నెలా జైలుకి పోయొచ్చిన వాళ్ళ గురించే రాస్తున్నారు. మా అక్కని కట్నం కోసం చంపిన వాళ్ళ అత్త మూడేళ్ళకే ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని నవ్వుతోంది. మా అమ్మ ఆ వీధిలో నుంచి పోవడం మానేసింది. మేము కూడా ఆమె చేతి నీళ్ళు తాగాలా?

తల్లీ, వద్దు. నేను నిన్ను తాగమనను. మీ అమ్మని ఆ వీధిలో నుంచి పొమ్మనీ అనను. నా మాటలు నీకు అలా వినపడ్డాయంటే క్షమించు. ఊరు చేసే వెలివేత వేరు, కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ముఖం తిప్పుకోవడం వేరు. రెండోదాన్ని ప్రశ్నించే హక్కు ఎవరికీ లేదు, నాకు అసలే లేదు.

కానీ ఒక సంగతి నువ్వు కనుక్కోవాలి. ఆమె శిక్ష పూర్తయి వచ్చిందా, అప్పీలు వేసుకుని బెయిలు మీద వచ్చిందా, లేక ఇంకా విచారణే నడుస్తోందా? మూడింటికీ మీరు చేయగలిగేది వేరు వేరు. విచారణలోనే ఉంటే బెయిలు రద్దు చేయమని అడగవచ్చు, ముఖ్యంగా మిమ్మల్ని గానీ సాక్షుల్ని గానీ బెదిరిస్తే. కింది కోర్టు కొట్టేసినా, చిన్న నేరానికే శిక్ష వేసినా బాధితుల తరఫున మీరే అప్పీలుకి పోవచ్చు, ప్రభుత్వం పోయేదాకా ఆగక్కర్లేదు. మీ అక్క పిల్లలుంటే వాళ్ళకి బాధితుల పరిహారం అడగవచ్చు. వీటికి కూడా ఆ ఉచిత లాయరే, ఆ 15100 నంబరే. నువ్వూ ఆడదానివే, మీ అమ్మా ఆడదే. తీర్పు వచ్చి ఉంటే కోర్టు నుంచి దాని సర్టిఫైడ్ కాపీ తెప్పించుకోండి, ఆ కాగితం మీ ఇంట్లో ఎవరూ చదివి ఉండరని నా అనుమానం. అది చేతికి వచ్చాక నాకు మళ్ళీ రాయి, ఈ పేజీలో వేయక్కర్లేదు, విడిగా జవాబిస్తాను.